నేత్రాణి దీవి, అప్సరకొండ: ఒక్కరోజు ప్రయాణంలో నేర్చుకున్న పాఠం

 జై హింద్.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఇంటర్ అవగానే 1987లో ఆర్టిలరీలో గన్నర్ గా చేరాను. 28 ఏళ్ళు చేసి 2015లో సుబేదార్ గా ఇంటికొచ్చాను. గొంతెత్తి మాట్లాడటమంటే నాకు తెలిసింది పరేడ్ గ్రౌండులో అరవటమే. కాబట్టి ఎక్కడైనా నా గొంతు పెద్దదైతే మన్నించండి.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సాబ్, ప్రతి ఏడూ యుద్ధాల గురించే మాట్లాడుతున్నాం. ఈసారి మీరు సముద్రంలో చేపల్ని చూసొచ్చారట కదా, దాని గురించి చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఆ ప్రయాణం గురించే చెబుతాను. అయితే అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని వదిలేసి చేపల సంగతి మాత్రం చెప్పి వెళ్ళిపోవడానికి నా మనసొప్పలేదు. మీరందరూ మా బిరాదరీవాళ్ళే కాబట్టి చెబుతున్నాను.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. మెట్ట ప్రాంతం. మా ఇళ్ళల్లో మిలిటరీకి పోనివాళ్ళు తక్కువ, సముద్రం చూసినవాళ్ళు ఇంకా తక్కువ. నీళ్ళంటే మాకు తెలిసింది గుండ్లకమ్మ, నల్లమలలో నెమలిగుండం. అలాంటి ఇంట్లో పుట్టిన మా అబ్బాయి 2014లో నేవీలో చేరాడు. నాకు లోపల కాస్త చిన్నతనంగానే ఉండింది, వీడు ఆర్మీకి రాలేదే అని. వాడికి 2022లో కార్వార్ పోస్టింగ్ వచ్చింది. 2005లో మొదలైన ఐ.ఎన్.ఎస్. కదంబ బేస్ ఉన్నది అక్కడే. మరుసటి సంవత్సరం జనవరిలో నేను, మా ఆవిడ సంక్రాంతికి వాడి దగ్గరికి వెళ్ళాం. ఒక శనివారం రాత్రి వాడు, "నాన్నా, రేపు మిమ్మల్ని ఒక చోటికి తీసుకుపోతా. పొద్దున సముద్రం లోపల చూద్దాం, సాయంత్రం జలపాతం కింద స్నానం చేద్దాం" అన్నాడు.

జలపాతం అనగానే నేను జోగ్ కు పోదామన్నాను. 830 అడుగుల ఎత్తునుంచి శరావతి దూకుతుందని చిన్నప్పుడు పుస్తకంలో చదివినవాణ్ణి కదా. వాడు నవ్వాడు. పైన 1964లో లింగనమక్కి డ్యాం కట్టాక, వానాకాలం దాటితే జోగ్ లో నీళ్ళు సన్నబడిపోతాయట. జోగ్ నిండుగా ఉండే వానాకాలంలో సముద్రంలోకి బోట్లు పోవు. సముద్రం తేటగా ఉండే జనవరిలో జోగ్ లో నీళ్ళుండవు. అందుకని హొన్నావర్ దగ్గరున్న చిన్న జలపాతం, అప్సరకొండ, ఖాయం చేశాడు.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. కార్వార్ నుంచి మురుడేశ్వర్ సుమారు 120 కిలోమీటర్లు. దారంతా ఒక పక్క సముద్రం, ఒక పక్క పడమటి కనుమలు. మురుడేశ్వర్ లో 123 అడుగుల శివుడి విగ్రహం, ఇరవై అంతస్తుల గోపురం ఎంతో దూరంనుంచే కనపడతాయి. దండం పెట్టుకుని, కోడల్ని, ఏడాది మనవరాలిని గుడి దగ్గరుంచి, మేం ముగ్గురం బోటువాళ్ళ దగ్గరికి వెళ్ళాం.

అక్కడ మాకు తలా ఒక ఫారం ఇచ్చారు. మనకు ఫారాలు కొత్తా? పేరు, వయసు, ఊరు రాశాను. దాని కింద ప్రశ్నలున్నాయి. బి.పి. ఉందా? గుండె జబ్బు ఉందా? ఆస్తమా ఉందా? మూర్ఛ ఉందా? చెవి బాధలున్నాయా? ఒక్కొక్కదానికీ ఎదురుగా "లేదు", "లేదు", "లేదు" అని టిక్కు కొట్టుకుంటూ పోయాను. పక్కనున్న మా ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను చూడనట్టు సంతకం పెట్టేశాను. మా అబ్బాయి ఫారమే తీసుకోలేదు. "మీరిద్దరూ దిగండి, నేను బోటులో ఉండి ఫోటోలు తీస్తా" అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి వెనక్కి పోవాలి. నాకు బి.పి. ఉంది. 2011లో, నేను నాయిబ్ సుబేదార్ గా ఉండగా, సెలవులో ఊరికొచ్చినప్పుడు తెలిసింది. డాక్టరు 160 బై 100 అన్నాడు. ఇక్కడ కూర్చున్న అన్నలకు మిగతాది చెప్పక్కర్లేదు. షేప్-వన్ ఉంటేనే ప్రమోషన్. ఆ 'షేప్'లో ఒక్క అక్షరం కిందికి జారినా 'క్యాటగిరీ' అనే మాట మన పేరు పక్కన చేరుతుంది. అందుకని యూనిట్లో చెప్పలేదు. బయట మాత్రలు కొనుక్కున్నాను. ఏటా మెడికల్ ముందు వారం రోజులు ఇంట్లో ఉప్పులేని పప్పు, మధ్యాహ్నం నిద్ర, ఆ రోజు పొద్దున్నే ఒక మాత్ర ఎక్కువ. అట్లా నెట్టుకొచ్చి సుబేదార్ అయ్యాను. అదేదో పెద్ద తెలివి అనుకున్నాను. రిటైరయ్యాక ఎవరూ అడిగేవాళ్ళు లేకపోయినా ఆ దాచే అలవాటు మాత్రం నాతోపాటే పెన్షన్ కు వచ్చింది.

ఆ రోజు ఇంకో పని కూడా చేశాను. నేను వేసుకునే మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు కలిసి ఉంటుంది. మాటిమాటికీ ఒంటికి పోవాలి. గంటన్నర బోటు ప్రయాణం కదా అని పొద్దున మాత్ర వేసుకోలేదు.

నేత్రాణి దీవి ఒడ్డునుంచి సుమారు 19 కిలోమీటర్లు. పైనుంచి చూస్తే హృదయం ఆకారంలో ఉంటుందని చెబుతారు. జనంలేని దీవి. నిటారుగా లేచిన రాళ్ళు, పైన అడవి, అందులో అడవి మేకలు. తెల్లకడుపు సముద్రపు గద్దలు తలమీద తిరుగుతున్నాయి. ఈ దీవిని నేవీవాళ్ళు కాల్పుల అభ్యాసానికి టార్గెట్ గా వాడిన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చేపలు పట్టేవాళ్ళు, పర్యావరణం మీద పనిచేసేవాళ్ళు దానికి అభ్యంతరం చెప్పారు. నేను జీవితమంతా టార్గెట్ ను బైనాక్యులర్ లోంచి, మ్యాపు మీద గళ్ళల్లో చూసినవాణ్ణి. టార్గెట్ పక్కకు వచ్చి, దాని కింద నీళ్ళల్లో ఏం బతుకుతోందో చూడటం అదే మొదటిసారి.

మేం దీవి మీదికి దిగలేదు. బోటు కాస్త దూరంలో లంగరు వేసింది. మాకు నేర్పడానికి వచ్చిన కుర్రవాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. కళ్ళను, ముక్కును మూసే అద్దాల మాస్కు, నోట్లో పెట్టుకునే గొట్టం, లైఫ్ జాకెట్ ఇచ్చాడు. మాస్కు అద్దం మీద ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదని చూపించాడు. ముక్కు మూసుకుపోతుంది కాబట్టి నోటితోనే నెమ్మదిగా గాలి పీల్చాలి. గొట్టంలోకి నీళ్ళొస్తే గట్టిగా ఊదితే పోతాయి. కంగారు పడితే చెయ్యెత్తాలి. పగడాల మీద కాలు పెట్టకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు, చిన్న ముక్క కూడా వెంట తెచ్చుకోకూడదు. పగడమంటే రాయి కాదనీ, కోట్లాది చిన్న జీవాలు కలిసి కట్టుకున్న ఇల్లనీ, 1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఉన్న రక్షణే దానికీ ఉందనీ చెప్పాడు. నేను 'వీడు నాకు చెప్పేదేమిటి, వాటర్‌మ్యాన్‌షిప్ చేసినవాణ్ణి' అనుకుంటూ సగమే విన్నాను. మా ఆవిడ మాత్రం బడిపిల్లలా అంతా విన్నది.

ఆవిడకు ఈత రాదు. కోడలి పంజాబీ డ్రెస్సు వేసుకుని, "నరసింహస్వామీ" అనుకుంటూ నిచ్చెన దిగింది. జాకెట్టు తేల్చింది. మొహం నీళ్ళల్లో పెట్టింది. అంతే, ఇక తల ఎత్తలేదు. నేనూ దిగాను.

లోపల ఏముందో నేను సరిగా చెప్పలేను. పైన చూస్తే నల్లటి నీరు. మొహం ముంచితే ఎండ అడుగుదాకా పోతోంది. కింద రాళ్ళ మీద పగడాలు, కొన్ని మెదడులా, కొన్ని జింక కొమ్ముల్లా. చిలకచేపలు ముక్కుతో రాతిని కొరుకుతున్న చప్పుడు చెవికి వినిపిస్తుంది, పటిక నమిలినట్టు. అవి కొరికి తిని విసర్జించిందే తెల్లటి ఇసుక అవుతుందట. పసుపుపచ్చ సీతాకోక చేపలు జంటలు జంటలుగా పోతున్నాయి. ఇంకొక చేప, ఒంటి మీద ఐదు నల్ల చారలు. తర్వాత దాని పేరు అడిగితే ఆ కుర్రవాడు 'సార్జెంట్ మేజర్' అన్నాడు. నిజంగా దాని పేరే అది, చారల వల్ల వచ్చింది. గుంపుగా మమ్మల్ని చుట్టుముట్టి, ఫాలిన్ లో ఎవడు తప్పుచేశాడా అని చూస్తున్నట్టే ఉన్నాయి.

పది నిమిషాలైందో లేదో, ఒక అల వచ్చి గొట్టంలోకి నీళ్ళు పోశాయి. ఊదమన్నాడు కదా, ఊదటానికి నా దగ్గర గాలి లేదు. గుండె మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టైంది. మాస్కు పీకేశాను, ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయాయి. కాళ్ళు కొట్టుకున్నాను. కింద పగడం ఉందనే సంగతే మర్చిపోయాను. చెయ్యెత్తాలని తెలుసు. ఎత్తలేదు. పెళ్ళాం ముందు, కొడుకు ముందు చెయ్యెత్తడమేమిటని ఆ క్షణంలో కూడా అనిపించింది. చూడండి మనిషి పొగరు!

ఆ కుర్రవాడే చూసి, రింగు నా చంకల కిందికి తోసి, "అంకుల్, ఆరామ్ సే, ఆరామ్ సే" అంటూ బోటుదాకా లాక్కొచ్చాడు. ఇరవై నిమిషాలు చెక్కమీద పడుకుని రొప్పాను. మా అబ్బాయి అడిగితే, "ఏం లేదురా, ఉప్పునీళ్ళు మింగాను" అన్నాను. అప్పటికి ఇంకా అబద్ధమే చెబుతున్నాను.

మా ఆవిడ నలభై నిమిషాల తర్వాత పైకొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "ఏమండీ, తాబేలును చూశాను. మన మునివేళ్ళ మీద నడిచినట్టు, నా కిందనుంచి నెమ్మదిగా పోయింది. నన్ను చూసి భయపడలేదు" అన్నది. 28 ఏళ్ళ సర్వీసులో సగం కాలం నేను ఫీల్డులో ఉంటే ఒంటరిగా పిల్లల్ని పెంచిన మనిషి. ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేను చూసి ఎన్నేళ్ళయిందో. ఆ తాబేలును పక్కనుండి చూడాల్సిన నేను బోటులో పడున్నాను.

భోజనం చేసి అప్సరకొండకు వెళ్ళాం. మురుడేశ్వర్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. పేరు చూసి పెద్ద గుట్ట ఎక్కాలేమో అని నేను భయపడ్డాను. కన్నడంలో కొండ అంటే గుండమట. అప్సరసలు స్నానం చేసిన గుండమని స్థలపురాణం. పైన తోట, అక్కడినుంచి సముద్రం కనపడుతుంది. మెట్లు దిగితే చెట్ల నీడలో చిన్న జలపాతం, కింద గుండం. అక్కడి గుహల్లో పాండవులు ఉన్నారని చెప్పుకుంటారు. అచ్చం మా నెమలిగుండం చూసినట్టే ఉంది. ఉప్పు కారుతున్న ఒంటికి ఆ మంచినీళ్ళు తగిలితే ప్రాణం లేచొచ్చింది. నేను ఒడ్డున రాతి మీద కూర్చుని కాళ్ళు నీళ్ళల్లో పెట్టాను. అత్తాకోడళ్ళు మనవరాలిని ఎత్తుకుని జల్లులో నిలబడ్డారు.

మా అబ్బాయి మాత్రం దూరంగా ఉన్నాడు. "ఒరేయ్, రారా" అని వాళ్ళమ్మ పిలిచింది. రాలేదు. నీళ్ళు చిలకరిస్తే ఎడమచేత్తో చెవి మూసుకుని వెనక్కి జరిగాడు. నేను చూస్తే చెవిలో దూది. నేవీవాడు సముద్రంలో దిగలేదు, జలపాతం కింద నిలబడలేదు. నేను 28 ఏళ్ళు జవాన్ల మొహాలు చూసినవాణ్ణి. సాకులు చెప్పేవాడెవడో, జబ్బు దాచేవాడెవడో నాకు తెలుసు.

"చెవికి ఏమైందిరా?"

"ఏం లేదు నాన్నా."

"ఎన్నాళ్ళనుంచి?"

వాడు జవాబు చెప్పేలోపే మా ఆవిడ వచ్చింది. సంచిలోంచి నా మాత్రల అట్ట తీసి వాడి చేతిలో పెట్టింది. "ముందు ఈయన సంగతి చూడు. పొద్దున మాత్ర వేసుకోలేదు. బోటులో రొప్పింది ఉప్పునీళ్ళకు కాదు" అన్నది.

వాడు అట్ట చూశాడు. "ఫారంలో ఏం రాశావు నాన్నా?"

"లేదని రాశాను."

వాడికి కోపం వచ్చింది. నా మీద ఎప్పుడూ గొంతెత్తనివాడు, "నీకు ఏదన్నా అయ్యుంటే ఆ పిల్లాడి గతేంటి? పోలీసులు వాణ్ణి కదా పట్టుకునేది. నువ్వు సంతకం పెట్టిన అబద్ధానికి వాడు జవాబు చెప్పాలా?" అన్నాడు.

నా దగ్గర మాట లేదు. నిజంగా అంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. నా ఒళ్ళు, నా ఇష్టం అనుకున్నాను. నన్ను లాక్కొచ్చిన ఆ కుర్రవాడు నాకు తట్టనే లేదు.

కాసేపటికి వాడే తగ్గి, రాతి మీద నా పక్కన కూర్చున్నాడు. ఎనిమిది నెలలుగా చెవి కారుతోందట. బయట డాక్టరు కర్ణభేరికి చిల్లు పడిందన్నాడట. ప్రమోషన్ కోర్సు దగ్గరపడింది, చెబితే క్యాటగిరీ పడుతుందని షిప్పులో చెప్పలేదట. "తప్పని తెలుసు నాన్నా. 2011లో మెడికల్ ముందు అమ్మ నీకు ఉప్పులేని పప్పు వండేది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఎందుకని అడిగితే, 'సిపాయన్నవాడు జబ్బు చెప్పకూడదురా' అన్నావు. నాకు గుర్తుంది" అన్నాడు.

అయ్యా, నేను వాడికి బూటు పాలిష్ నేర్పాను, సెల్యూట్ నేర్పాను. ఇది నేర్పినట్టు నాకే తెలియదు.

నేను గన్నర్ని. గన్ పొజిషన్ లో ఆర్డరు సరిగా వినపడనివాడు ఒక్కడుంటే ఏమవుతుందో నాకు తెలుసు. అంకె ఒకటి తప్పు వింటే గుండు ఎవరి మీద పడుతుందో చెప్పలేం. షిప్పు మీద కూడా అంతే కదా. మన చెవి మనదొక్కళ్ళదే కాదు, పక్కన డ్యూటీ చేసేవాడిది కూడా. ఆ జలపాతం దగ్గర తండ్రీకొడుకులం ఒక ఒప్పందం చేసుకున్నాం. వాడు సోమవారం మెడికల్ ఆఫీసరుకు చెప్పాలి. నేను ఊరికి పోయిన వారంలో ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్ కు పోవాలి. సాక్షి మా ఆవిడ.

వాడు చెప్పాడు. అనుకున్నట్టే క్యాటగిరీ పడింది, ఆ కోర్సు పోయింది. నేవీ హాస్పిటల్లో ఆపరేషన్ చేసి కర్ణభేరి అతికించారు. తర్వాత అప్‌గ్రేడ్ అయి, మరుసటి కోర్సుకు వెళ్ళాడు. ఒక ఏడాది వెనకపడ్డాడు. అది నష్టమే, కాదనను. కానీ ఇంకొన్నాళ్ళు దాచి ఉంటే వినికిడే పోయేదని డాక్టరు చెప్పాడు.

నాకు ఇ.సి.జి., ఎకో తీశారు. ఇన్నేళ్ళు బి.పి. సరిగా అదుపులో లేక గుండె గోడ కాస్త మందం అయిందన్నారు. మందులు మార్చారు. డాక్టరమ్మ నాకు ఓపికగా చెప్పింది. మనిషి నీళ్ళల్లో పడుకుంటే కాళ్ళల్లో రక్తం ఛాతీ వైపు వస్తుంది, గుండెకు పని పెరుగుతుంది. దానికితోడు గొట్టంలోంచి గాలి లాగడానికి ఎక్కువ బలం కావాలి, కంగారు పడితే ఇంకా ఎక్కువ. అందుకే వయసు మళ్ళినవాళ్ళకు, గుండె జబ్బు, బి.పి. ఉన్నవాళ్ళకు స్నార్కెలింగ్ లో ప్రమాదం ఎక్కువ అన్నది. చూడటానికి అది మెల్లగా తేలే ఆటలాగే ఉంటుంది, అదే మోసం.

2025 జనవరిలో మళ్ళీ వెళ్ళాం. అదే రేవు, అలాంటిదే ఫారం. బి.పి. ఉందా అన్నచోట "ఉంది" అని రాశాను. ఆ రెండక్షరాలు రాయడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది. ఫారం చూసిన కుర్రవాడు, "అంకుల్, ఈరోజు అలలు కాస్త ఎక్కువగా ఉన్నాయి, మీరు బోటులోనే ఉండండి" అన్నాడు. ఉన్నాను. అందరి చెప్పులకు, ఫోన్లకు కాపలా కాశాను. మా ఆవిడ, మా అబ్బాయి కలిసి దిగారు. కొంచెం సేపటికి బోటు పక్కనే ఒక తాబేలు తల పైకెత్తి, గాలి పీల్చుకుని, మళ్ళీ మునిగిపోయింది. దానికి కూడా గాలి కోసం పైకి రావడంలో సిగ్గేమీ లేదు.

తమ్ముళ్ళకు నేను చెప్పేది ఇంతే. మెడికల్ లో జబ్బు చెబితే ఏదీ పోదని నేను అబద్ధం చెప్పను, కొన్నిసార్లు ప్రమోషన్ వెనకపడుతుంది. అయినా చెప్పండి. అన్నలకు చెప్పేది, ఇ.సి.హెచ్.ఎస్. 2003 నుంచి మనకోసమే ఉంది, కార్డు బీరువాలో పెట్టుకోవడానికి కాదు. నీళ్ళల్లోకి దిగేముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోండి, పొద్దుటి మాత్ర మానకండి, జంటగా దిగండి, చెయ్యెత్తాల్సి వస్తే ఎత్తండి. అక్కలకు చెప్పేది, మీ ఆయన ఫారం నింపేటప్పుడు పక్కన నిలబడండి. మా ఆవిడలాగా చూసి ఊరుకోవద్దు, పెన్ను లాక్కోండి.



జై హింద్.